ఆవలి వైపు నిశ్శబ్దం

ఈసారి కూడా కాల్ తెగలేదు.

శివాజీ స్టూలు మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని అంకెలు చదివాడు. వారాలు చదివాడు. తెలుగు నెలలు చదివాడు. అవి కూడా అయిపోయాక విజయనగరం నుంచి వెళ్లే పాసింజరు ఆగే స్టేషన్లు మొదలుపెట్టాడు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం. ఆవలి వైపు ఆమదాలవలసలో కూర్చుని వింటున్న తాయారు మధ్యలో అందుకుంది.

"బాతువ వొదిలేశారు బాబూ. అక్కడ దిగేవోళ్లు ఏటైపోవాల?"

మామూలు రోజైతే నవ్వేవాడు. "లైను బాగుందామ్మా?" అన్నాడు.

"బాగున్నాది. పక్క గదిలోంచి మాట్లాడినట్టున్నాది."

"సరే, పెట్టేయండి."

ఫోను పెట్టేసి నుదురు రుద్దుకున్నాడు. కంటి ఆసుపత్రి మేడ మీద ఇరుకు గది అది. ఏసీ లోంచి నీళ్లు కింద బకెట్‌లో పడుతున్నాయి. మూలన ఇనప అరలో ఫోన్ల పెట్టె సన్నగా గుయ్యిమంటోంది. ఈ పెట్టెను బిగించింది శివాజీ పనిచేసే కంపెనీయే. పెద్దాసుపత్రి విజయనగరంలో, చిన్న కేంద్రాలు ఆమదాలవలసలో, కొత్తవలసలో. మూడు చోట్లా ఫోన్లు ఇంటర్నెట్ లైను మీదే నడుస్తాయి. ఏ పల్లె నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు ఈ పెట్టెలోకి వస్తుంది. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లినవాళ్లు చేస్తే ఆ కాల్ ఆమదాలవలసలో తాయారు బల్ల మీద మోగుతుంది. కొంతకాలంగా అలా మోగిన కాల్స్ మాట మధ్యలో తెగిపోతున్నాయి. అన్నీ కాదు. ఎప్పుడు తెగుతాయో, ఎందుకు తెగుతాయో అంతు చిక్కడం లేదు. శివాజీ చేసిన కాల్ మాత్రం ఒక్కటీ తెగలేదు.

తలుపు తోసుకుని మేనేజరు జగన్నాధం వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని, కూర్చోకుండానే అడిగాడు.

"దొరికిందా?"

"ఇంకా లేదు సార్."

"ఎర్రన్న సంగతి తెలుసు కదా నీకు?"

తెలుసు. ఆసుపత్రి అంతా తెలుసు. కళింగపట్నం అవతల పల్లెలో చేపల వేటకెళ్లే మనిషి. ఆపరేషన్ అయిన కంట్లో చీము పట్టింది. పెళ్లాం తాతమ్మ ఫోన్ చేస్తే మధ్యలో తెగిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ తెగింది. ఇంకోసారి కూడా అంతే. మనల్ని చీదరించుకుంటున్నారు కాబోలు అనుకుని ఊరుకున్నారు. నొప్పి ఓర్చుకోలేక ఆటో కట్టించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. డాక్టరమ్మ చేతి చలవ, కన్ను నిలబడింది. చూపు ఏ మేరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేనంది. తాతమ్మ వరండాలో నిలబడి అరిచిన అరుపులు వీధిలోకి వినబడ్డాయి.

"ఎవరు పెట్టేశారో ఈ పెట్టె రాసుకోదా?" అడిగాడు జగన్నాధం.

"కాల్ మామూలుగా ముగిసింది అని మాత్రమే రాస్తుంది సార్."

"మామూలుగా అంటే?"

"ఎవరో ఒకరు పెట్టేస్తే అలాగే రాస్తుంది. కాకపోతే..."

"కాకపోతే లేదు. కన్ను పోతోందని ఫోన్ చేసినావిడ తనంతట తనే పెట్టేయదు కదా." కళ్లజోడు కిందికి దించుకున్నాడు. "తాయారు మంచిదే. కాదనను. కానీ ఈ పల్లెల వాళ్లు గంటసేపు సోది చెబుతారు. ఎవరికైనా విసుగొస్తుంది. నీ లైనులో తప్పుంటే చూపించు. లేకపోతే ఆవిణ్ణి మార్చేస్తాను. నాకూ పైవాళ్లున్నారు."

మర్నాడు శివాజీ పొద్దుటి పాసింజరులో ఆమదాలవలస వెళ్లాడు. సంచిలో కొత్త కేబుల్ చుట్ట, లైన్లు కలిపే ఒక స్విచ్ పెట్టె, ఒక ఫోను. స్టేషన్ దగ్గర్లోనే, ధాన్యం లారీలు బారులు తీరిన వీధిలో ఉంది కేంద్రం. దాని గోడకు ఆనుకునే రైస్ మిల్లు. మిల్లు ఆడుతున్నంతసేపూ బల్ల మీద గ్లాసులో నీళ్లు కూడా సన్నగా వణుకుతాయి.

తాయారుకి యాభై దాటి ఉంటాయి. నూనె రాసి బిగించిన జడ, మోచేతి దాకా జాకెట్టు. అతన్ని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చింది.

"టిఫినీ అయ్యిందా బాబూ?"

"అయిందమ్మా. మీరు కూర్చోండి. మీరు మాట్లాడుతుంటే చూడాలి నేను."

ముందు గోడ వెంట పాత కేబుల్ పీకి కొత్తది లాగాడు. ఎలకలు కొరికాయేమోనని పాతదాన్ని జానెడు జానెడు తడిమి చూశాడు. ఎక్కడా గాటు లేదు. స్విచ్ మార్చాడు. ఫోను మార్చాడు. ఆ తర్వాత బల్ల పక్కన స్టూలు వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కాల్స్ వస్తూనే ఉన్నాయి. చుక్కల మందు ఒలికిపోయిందన్నవాళ్లు, తలకు పోసుకోవచ్చా అని అడిగేవాళ్లు, మనవరాలి పెళ్లికి నల్లద్దాలు పెట్టుకుని వెళ్తే బాగుంటుందా అని అడిగినావిడ. మిల్లు రొదలో తాయారు గొంతు పెంచి చెప్పాల్సి వస్తోంది.

"పెట్టుకోండమ్మా. కుర్రదానిలాగుంటారు."

ఒక్క కాల్ తెగలేదు. తెరమీద గీతలన్నీ తిన్నగా నడుస్తున్నాయి. రోగం ఉందని అందరూ అంటున్నారు. తాను నాడి పట్టుకున్నప్పుడల్లా నాడి నిక్షేపంలా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం తాయారు క్యారేజీ విప్పి సగం అన్నం మూతలో వేసి అతని ముందుకు జరిపింది. చిక్కుడుకాయ కూర. వద్దన్నా వినలేదు.

"ఒక్కరే వొండుకుంటన్నారట గదా. పెద్దాసుపత్రిలో ఫోనులెత్తే ధనలక్ష్మి సెప్పింది."

అతను తల ఊపి తిన్నాడు. కూరలో ఉప్పు సరిగ్గా ఉంది. ఇంట్లో తాను వండినదానిలో అది ఎప్పుడూ సరిపోదు.

"కాల్ తెగినప్పుడు మీరేం చేస్తారమ్మా?"

"ఏటి సేస్తాను? హలో, హలో అంతాను. ఆల ఫోనులో ఛార్జి అయిపోనాదేమో అనుకుంతాను. తిరిగి సేస్తే ఎత్తరు." మూత మీద మెతుకులు వేలితో దగ్గరికి తీసింది. "నాను పెట్టీలేదు బాబూ. నా పిల్ల మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను."

"ఒట్లెందుకమ్మా," అన్నాడు.

ఆ మర్నాడు జగన్నాధం తన పరీక్ష తాను పెట్టాడు. విజయనగరం నుంచి ధనలక్ష్మిని పంపి తాయారు కుర్చీలో కూర్చోబెట్టించాడు. తాయారుని లోపల మందుల గదిలో సీసాలు సర్దమన్నారు. ధనలక్ష్మి ముప్పై దాటని మనిషి. చురుకైనది, నోరు కూడా చురుకే. మిల్లు రొద మీదుగా ఆమె గొంతు ఖంగున మోగింది.

"ఊఁ చెప్పండి. ఊఁ. ఊఁ. అదంతా వద్దు తాతా, కంట్లో ఏంటి బాధ? నీళ్లు కారుతున్నాయా? ఊఁ. అయితే చుక్కలు వేసుకో. ఎర్రగా ఉందా? రేపొచ్చేయ్."

మాటకు మాట, కాల్‌కి కాల్. మధ్యలో ఖాళీ దొరికితే శివాజీతో వేళాకోళం.

"ఏంటి శివాజీ గారూ, మీ ఫోను నన్ను చూసి భయపడిందా?"

"ఫోను కాదు, నేనే భయపడుతున్నాను."

"నా మాట అవతలివాళ్లకి వినబడకుండా ఆ మ్యూట్ బటన్ నొక్కి మీతో కబుర్లు చెబుదునా? మా సారు ఊరుకోరు. కొత్తవలసలో ఒక పిల్ల అది నొక్కి చీరలవాడితో బేరమాడిందని మానిపించేశారు. అప్పట్నుంచి దాని మీద చెయ్యేస్తే ఉద్యోగం పోయినట్టే."

సాయంత్రం దాకా ఒక్కటీ తెగలేదు. జగన్నాధం ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టమన్నాడు. మందుల గది గుమ్మంలోకి తాయారు వచ్చి నిలబడింది.

"సీటు అదే, ఫోను అదే, లైను అదే. మనిషి మారితే తెగలేదు. ఇంకేం కావాలి శివాజీ?"

"నిన్న తాయారు గారు కూర్చున్నా తెగలేదు కదా సార్."

"నిన్న పక్కన నువ్వున్నావు. ఎవరైనా చూస్తుంటే అందరూ ఒద్దికగానే ఉంటారు. రేపు శనివారం ఆవిణ్ణి చేయమను. సోమవారం నుంచి ధనలక్ష్మి వస్తుంది."

ధనలక్ష్మి ముఖం చిన్నబోయింది. "నేను అడగలేదు పిన్నీ," అంది మెల్లగా. తాయారు గుమ్మంలోంచి కదిలింది. బల్ల దగ్గరకొచ్చి, ధనలక్ష్మి మాట్లాడి పెట్టిన ఫోనుని కొంగుతో తుడిచింది, రోజూ సాయంత్రం తుడిచినట్టే.

"బస్సుకి టైమవుతాది, బేగి వెళ్లమ్మా," అంది.

తిరుగు పాసింజరులో శివాజీ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. తనకి కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు. జగన్నాధం అన్న మాటలో తప్పు పట్టడానికి లేదు. అదే అతన్ని తినేస్తోంది. ఒకవేళ ఆమే పెట్టేస్తోందేమో. చిక్కుడుకాయ కూర పెట్టిన మనిషి ఫోను పెట్టేయదని ఏ తెర మీదా కనబడదు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి, పొందూరులో ఎక్కిన ముసలాయనకి సీటు ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

శనివారం వెళ్లాల్సిన పని లేదు. అరువుగా పెట్టిన స్విచ్, ఫోను తెచ్చుకోవాలన్న సాకుతో వెళ్లాడు. పాత స్విచ్, పాత ఫోను తిరిగి బిగించాడు. తాయారు తన సరంజామా అప్పటికే ఒక గుడ్డసంచిలో సర్దుకుంది. దువ్వెన, కళ్లజోడు పెట్టె, చిన్న గ్లాసు.

"వస్తానమ్మా."

"మంచిది బాబూ. ఉప్పు సూసుకుని ఏసుకోండి."

స్టేషన్‌కి వెళ్తే బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చుని సంచి తడుముకుంటే కేబుల్ కొనలు కత్తిరించే కటింగ్ ప్లేయరు లేదు. బల్ల కిందే వదిలేశాడు. తనని తాను తిట్టుకుంటూ వెనక్కి నడిచాడు. లారీలు అడ్డంగా ఉంటే మిల్లు పక్క సందులోంచి వెళ్లి వెనక గుమ్మం దగ్గరికి చేరాడు. తలుపు ఓరగా ఉంది. మిల్లు రొదలో అతని చెప్పుల చప్పుడు ఆమెకి వినబడలేదు.

తాయారు గుమ్మానికి పక్కకి తిరిగి కూర్చుని ఉంది. ఫోను చెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. ఎదుటి మనిషి ముందు కూర్చున్నట్టే తల ఊపుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. ఎడమచేతి చూపుడువేలు బల్ల మీది ఫోను పక్కన ఆగి ఉంది. ఆ వేలికి దగ్గరగా, ఇన్నాళ్లూ అతను వెలగగా చూడని చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

శివాజీ కదలకుండా నిలబడ్డాడు.

ఆమె తల ఊపుతూనే ఉంది. ఒకసారి జాలిగా నాలుక చప్పరించింది. అంతలో కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లు తెరిచి వేలితో బటన్ నొక్కింది. దీపం ఆరిపోయింది.

"హలో? హలో, అమ్మా? ఉన్నారా?" ఫోను దించి దాని ముఖం చూసింది. "ఎల్లిపోనారు."

"ఆ దీపం ఏంటమ్మా?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. అరచేయి ఫోను మీద కప్పేసింది, పిల్లలు తినకూడనిది దాచినట్టు.

"ఏటీ నేదు బాబూ."

"మ్యూట్ నొక్కారు."

"కబుర్లకి కాదు. ఇక్కడెవరున్నారు కబుర్లాడ్డానికి?" ఫోను మీంచి చెయ్యి తీయలేదు. "సారుకి సెప్పకండి. ఎలాగూ పోతన్నాను. దానికి తోడు ఈ సెడ్డపేరు కూడా ఎందుకు?"

"కూర్చోండి. ఎందుకు నొక్కుతారో చెప్పండి."

ఆమె కూర్చోలేదు. మిల్లు గోడ వైపు చెయ్యి చూపించింది.

"ఇదిగో, ఇది. ఒక ముసిలాయన ఏడిసినాడు బాబూ. ఆపరేషనై తల పగిలిపోతంది, మీ ఎనకాల ఆ రొద నా కంట్లోనే తిరుగుతన్నాదమ్మా అన్నాడు. అప్పట్నుంచీ ఆలు సెప్పుకున్నంతసేపూ ఇది నొక్కేస్తాను. రొద ఆలకి పోదు. నాకు ఆల మాట ఇనబడతాది. అయిపోనాక తీసి మాట్లాడతాను."

"నేను పక్కనున్నప్పుడు నొక్కలేదు."

"సారు మనిషి పక్కనుండగా గానీ, ఫోనులో ఉండగా గానీ ఎలాగ నొక్కుతాను?"

శివాజీ స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చాయి రెండు సంగతులు. రెండూ జగన్నాధం అడిగితే తాను చేసినవే. ఆమదాలవలసకి చిన్న లైను చాలన్నాడాయన. ఆ లైను మీద బరువు తగ్గాలని, చప్పుడు లేనప్పుడు ఈ ఫోను అవతలికి ఏమీ పంపకుండా శివాజీ కట్టడి చేశాడు. కొత్తవలసలో ఎవరో రిసీవరు పక్కన పెట్టి మరిచిపోతే లైను బిగుసుకుపోయింది. అలా మళ్లీ కాకూడదని కూడా ఆయనే అన్నాడు. ఏదో ఒక వైపు నుంచి కొంతసేపు ఏమీ రాకపోతే ఆ కాల్ తెంపేయమని విజయనగరం పెట్టెకి శివాజీ నేర్పాడు. వేర్వేరుగా చూస్తే రెండూ మంచి పనులే. మామూలుగా అయితే మిల్లు రొదే అవతలికి వెళ్తూ కాల్‌ని బతికిస్తుంది. తాయారు ఆ రొదని ఆపి ఒద్దికగా వింటుంటే, ఇక్కడ ఎవరూ లేరనుకుని పెట్టె తెంపేస్తోంది. ఎక్కువసేపు చెప్పుకోవలసినవాళ్ల కాలే తెగింది. చెప్పనిచ్చిన మనిషే నేరస్థురాలైంది.

"మళ్లీ నొక్కండి," అన్నాడు లేస్తూ. "నేను బయటికెళ్లి ఫోన్ చేస్తాను. నేను మాట్లాడుతున్నంతసేపూ దీపం ఆర్పకండి."

వరండాలో నిలబడి తన సెల్లులోంచి ఆసుపత్రి నంబరు కలిపాడు. ఆమె ఎత్తింది. మిల్లు రొద ఒక్క క్షణం వినిపించి ఆగిపోయింది. ఎంత హాయైన నిశ్శబ్దమో అది. మొదటిసారి అతనికి అంకెలు చదవబుద్ధి కాలేదు.

"ఏం చెప్పనమ్మా," అని మొదలుపెట్టాడు. "వంట సంగతే చెబుతాను. బియ్యం నాకొక్కడికి గ్లాసు చాలు. చెయ్యి మాత్రం రెండో గ్లాసుకి వెళ్లిపోతుంది. మా ఆవిడ కుసుమ ఉన్నప్పటి అలవాటు. మిగిలిన అన్నం పొద్దున్నే పక్కింటి కుక్కకి వేస్తాను. అది కూడా నాకోసం ఎదురుచూస్తుందనుకోండి. ఒక్కోసారి ఏమనిపిస్తుందంటే, సాయంత్రం తలుపు తీసి లోపలికి వెళ్లేటప్పుడు..."

కాల్ తెగిపోయింది.

సెల్లు చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది దొరికింది. అయినా ముందు కలిగింది సంతోషం కాదు, ముఖం మీద తలుపు వేసినట్టనిపించింది. లోపల ఉన్నది తాయారని, తల ఊపుతూ వింటోందని తెలిసి కూడా అలాగే అనిపించింది. తాతమ్మకి అది కూడా తెలియదు.

లోపలికి వచ్చేసరికి ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"నాను ముట్టుకోలేదు బాబూ. తలుపు తీసినప్పుడు ఏటవుతాదో సెప్పేలోగా దానంతటదే ఎల్లిపోయింది."

"తెలుసమ్మా."

ల్యాప్‌టాప్ తెరిచి రెండు చోట్లా తాను పెట్టిన కట్టుబాట్లు తీసేశాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అన్ని రోజుల తిరుగుడుకి ఇంత చిన్న పనా అని ఒళ్లు మండింది. తర్వాత జగన్నాధానికి ఫోన్ చేశాడు.

"తప్పు దొరికింది సార్. మనిషిది కాదు, సెట్టింగ్‌ది. ఒక వైపు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే కాల్ చచ్చిపోయిందనుకుని పెట్టె తెంపేస్తోంది."

"మరి ధనలక్ష్మి కూర్చుంటే ఎందుకు తెంపలేదు?"

శివాజీ తాయారు వైపు చూశాడు. ఆమె ఎర్ర దీపం వైపు చూస్తోంది.

"ధనలక్ష్మి గారు ఆపకుండా మాట్లాడతారు సార్. తాయారు గారు వింటారు."

అవతల కళ్లజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఆ సెట్టింగు ఎవరు పెట్టారు?"

మీరే అడిగారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది పైకి వస్తే వాదన మొదలవుతుంది. వాదనలో ఒక్కొక్కటీ తవ్వుతారు. తవ్వితే బటన్ బయటపడుతుంది.

"మేమే సార్."

"అంటే మీ నిర్వాకానికి ఒకడి కన్ను పోయేది. మీ ఓనరుతో మాట్లాడతాను. వచ్చే ఏడాది మీ కంపెనీకి ఈ పని ఉంటుందో లేదో చూసుకోండి."

"అలాగే సార్. సోమవారం సంగతి?"

"సోమవారం ఏముంది? ఎవరి సీట్లో వాళ్లుంటారు." ఫోను పెట్టేశాడు. తాయారుకి ఒక మాట చెప్పమని అనలేదు.

ఆ విసుగు దిగమింగుకుంటుండగానే బల్ల మీద ఫోను మోగింది. తాయారు ఎత్తింది. అవతలి గొంతు శివాజీకి కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"ఒసే, నువ్వేనా? నా మొగుడు కన్ను పోతంటే ఫోను పెట్టేసినదానివి?"

తాతమ్మ. ఎర్రన్నని ముందురోజే ఇంటికి పంపారు. తాయారు ముఖంలో రక్తం లేదు. చెయ్యి బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. శివాజీ వైపు చూసింది.

నొక్కమన్నట్టు అతను తల ఊపాడు.

ఎర్ర దీపం వెలిగింది. తాతమ్మ తిట్టింది. తాయారుని, డాక్టర్లని, ఆటోవాణ్ణి తిట్టింది. తర్వాత వేటకెళ్లని పడవ సంగతి చెప్పింది. కట్టు ఉన్న కన్నుతోనే ఇసకలోకి పోయి కూర్చుంటున్న మొగుడి మొండితనం చెప్పింది. తాయారు కళ్లు మూసుకుని తల ఊపుతోంది. శివాజీ ఫోను మీంచి చూపు తిప్పుకోలేదు. ఇదివరకు తెగే చోటు దాటింది. ఇంకా దాటింది. మిల్లు ఆడుతూనే ఉంది, గ్లాసులో నీళ్లు వణుకుతూనే ఉన్నాయి. అవతలి గొంతు మెల్లమెల్లగా దిగింది. చివరికి అసలు మాట వచ్చింది. ఆ పసుపు మూత చుక్కలు పడుకునే ముందు వెయ్యాలా, లేచినాక వెయ్యాలా, డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయారు.

తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి తాతమ్మ భయంభయంగా, నమ్మకం లేనట్టు అడిగింది.

"ఏటే గుంటా... ఉన్నావా?"

తాయారు బటన్ నొక్కింది. దీపం ఆరింది.

"ఉన్నానమ్మా," అంది.